గుడి కూల్చారన్న వార్త: వీడియో, అధికారుల మాట, ఉపగ్రహ చిత్రం, రికార్డులు – ఏది మేలు?

2023 జులై మధ్యలో కరాచీ సోల్జర్ బజార్‌లోని మారీ మాత గుడిని రాత్రికి రాత్రే బుల్డోజర్లతో కూల్చేశారని వార్త వచ్చింది. ఆ వెంటనే నగర మేయర్ ముర్తజా వహాబ్ గుడి కూలలేదని, చెక్కుచెదరకుండా ఉందని ప్రకటించారు. ఇద్దరిలో ఎవరో ఒకరు పచ్చి అబద్ధం ఆడుతున్నారని తీర్పు చెప్పేసేవాళ్లు ఆ మొదటి వార్తనే సరిగ్గా చదివినట్టు లేరు. బయటి గోడలు, పెద్ద గేటు వదిలేసి లోపలి కట్టడాన్ని పడగొట్టారని అందులోనే ఉంది. వీధిలో నిలబడి ఫొటో తీస్తే గేటూ గోడా నిక్షేపంగా కనిపిస్తాయి. అదే స్థలాన్ని పైనుంచి చూస్తే సంగతి వేరు. కాబట్టి ఏ ఆధారం మేలన్నది, తగవు దేని గురించో తేలాకే చెప్పగలం.

ఆ గుడిని చూసుకునేది కరాచీలో ‘మద్రాసీ’లుగా పిలిచే దక్షిణాది మూలాల హిందువులు. మారీ మాత అంటే మన ఊళ్ల మారెమ్మే. కట్టడం పాతబడి ప్రమాదకరంగా ఉందన్న మాట రావడంతో విగ్రహాల్లో చాలావాటిని ముందే ఒక చిన్న గదిలోకి మార్చారని కూడా అప్పటి వార్తల్లో ఉంది. దేవత ఒకచోట, కూలిన గోడ మరోచోట అన్నమాట. ‘గుడి ఉంది’, ‘గుడి కూలింది’ అన్న రెండు మాటలకూ అక్కడ చోటుంది.

ముందుగా చేతికందేది వాట్సాప్ వీడియో. వేగంలో దానికి సాటి లేదు, నమ్మకంలో అదే ఆఖరు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన తేదీ, చోటు వంటి వివరాలు చెరిగిపోతాయి. అందువల్ల వీడియోను ఆపి, నాలుగైదు చోట్ల స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌లోనూ యాండెక్స్ అనే రష్యన్ సెర్చ్ ఇంజిన్‌లోనూ అదే దృశ్యం ముందెక్కడైనా వచ్చిందా అని వెతకాలి. మనుషుల ముఖాలున్న ఫ్రేము కన్నా దుకాణం బోర్డు, కరెంటు స్తంభం, గోపురం అంచు ఉన్న ఫ్రేము ఎక్కువ పనికొస్తుంది. బోర్డు మీది లిపి బెంగాలీయా, ఉర్దూయా, సింధీయా అన్నది చూస్తేనే సగం పుకార్లు తేలిపోతాయి.

మిగతా సగం అంత తేలిగ్గా లొంగవు. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా ప్రభుత్వం కూలిన రోజు చిట్టగాంగ్‌లో నవగ్రహ ఆలయాన్ని తగలబెట్టారంటూ ఒక వీడియో తిరిగింది. ఊరు నిజం, రోజు నిజం, మంటలూ నిజమే. కాలింది మాత్రం గుడి కాదు, దాని వెనకున్న హసీనా పార్టీ అవామీ లీగ్ కార్యాలయం. బీబీసీలో నిజానిజాలు తేల్చే వెరిఫై బృందం తర్వాతి ఫొటోలు చూసి, గుడి సిబ్బందితో మాట్లాడి ఈ సంగతి తేల్చింది. అలాంటిచోట పాత వీడియోల కోసం ఎంత వెతికినా ఏమీ దొరకదు, ఎందుకంటే వీడియో కొత్తదే. మర్నాడు పొద్దున గుడి ముందు నిలబడి తీసిన ఒక్క ఫొటో తేల్చే పని అది. ఆ వారాల్లో బంగ్లాదేశ్ హిందువుల ఇళ్లు, గుళ్ల మీద నిజంగానే దాడులు జరిగాయి. ఒక తప్పుడు వీడియో దొరికింది కదా అని మిగతావన్నీ కల్పితాలనడం అంతకన్నా పెద్ద తప్పు.

ఉపగ్రహ చిత్రం అనగానే ఇక తిరుగులేదనుకుంటారు. ఉచితంగా దొరికే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాల్లో ఒక్కో చుక్క (పిక్సెల్) 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మారీ మాత గుడి స్థలం 400 నుంచి 500 చదరపు గజాలని వార్తలు చెప్పాయి. 400 గజాలంటే సుమారు 334 చదరపు మీటర్లు, అంటే మూడు చుక్కలు! అందులో పైకప్పు ఉందో లేదో చూడటం చీకట్లో సూది వెతకడమే. ఒక్కో చుక్క 30 సెంటీమీటర్లుండే చిత్రమైతే అదే స్థలానికి మూడున్నర వేలకు పైగా చుక్కలు వస్తాయి, కానీ వాటిని చాలావరకు డబ్బిచ్చి కొనాలి. గూగుల్ ఎర్త్ ప్రో ఉచితం. గడియారం గుర్తు నొక్కితే పాత చిత్రాలు తేదీలతో వస్తాయి, అయితే రెండు చిత్రాల మధ్య నెలల ఎడం ఉండొచ్చు. కప్పు ముందు ఉండి తర్వాత లేదని చెప్పగలదు గానీ ఏ రాత్రి పోయిందో చెప్పలేదు. దక్షిణాసియాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు ఒక అడ్డంకి. గోడలు నిలిచి లోపల కూలిందన్న వివాదానికి మాత్రం స్పష్టంగా ఉండే ఉపగ్రహ చిత్రాన్ని మించింది లేదు.

అధికారుల ఖండనను మాట మాటగా విడదీసి చదవాలి. 2025 జూన్ 26న ఢాకా ఖిల్‌ఖేత్‌లో రైల్వే స్థలంలోని దుర్గా మండపాన్ని తొలగించారు. తీసేశారన్నదాంట్లో తగాదా లేదు. 2024 దుర్గాపూజకు అనుమతి లేకుండా వేసిన తాత్కాలిక మండపమని, పూజ కాగానే తీసేయాలన్న షరతుతో రైల్వే తర్వాత ఒప్పుకున్నా నిర్వాహకులు దాన్ని పాటించలేదని, విగ్రహాన్ని భక్తితో బాలూ నదిలో నిమజ్జనం చేశామని బంగ్లాదేశ్ చెప్పింది. గుడికి రక్షణ ఇవ్వకుండా, దీన్ని అక్రమ భూవినియోగంగా చిత్రించి కూల్చనిచ్చారని, విగ్రహం దెబ్బతిన్నదని భారత విదేశాంగ శాఖ అంది. ఒకరికి అది మండపం, ఇంకొకరికి గుడి. ఉపగ్రహం ఇక్కడ దండగ. షరతు రాతలో ఉందా, నోటీసు ఎప్పుడిచ్చారు, విగ్రహాన్ని ఎత్తింది యంత్రం రాకముందా తర్వాతా – ఇవే ప్రశ్నలు. చివరిదానికి వీడియోనే మేలు, అదీ కోతల్లేకుండా మొదటి నుంచీ తీసినదైతే.

రికార్డుల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అనుకునే అలవాటు మనకు అడంగళ్లూ పహాణీలూ చూసి వచ్చింది. పాకిస్తాన్‌లోని ఖైబర్ జిల్లా లండీ కోతల్‌లో ఆ లెక్క పనిచేయదు. 1947 నుంచి మూతపడి ఉన్న పాత గుడిని 2024లో పడగొట్టి అక్కడ వాణిజ్య సముదాయం కడుతున్నారని వార్తలొస్తే, రెవెన్యూ రికార్డుల్లో గుడి ప్రస్తావనే లేదని అధికారులు అన్నారు. అది 2018లో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిసిన పాత గిరిజన ప్రాంతం. అక్కడ చాలా భాగంలో అప్పటికి భూమి సర్వే, ఎవరి భూమి ఎంతో రాసే సెటిల్‌మెంటు జరగనే లేదు. పుస్తకమే లేనిచోట పేజీలో పేరు లేదనడం జవాబు కాదు. అలాంటిచోట స్థానిక ముసలివాళ్ల జ్ఞాపకమూ పాత ఫొటోలూ రెవెన్యూ రికార్డు కన్నా బరువైనవి.

కోర్టు ఉత్తర్వు వీటన్నిటిలో గట్టిది, వచ్చేసరికి మాత్రం ఆలస్యమవుతుంది. అదే రాష్ట్రం కరక్ జిల్లా తేరీలో హిందూ సాధువు పరమహంస మహరాజ్ సమాధిని 2020 డిసెంబరు 30న గుంపు ధ్వంసం చేస్తే పాకిస్తాన్ సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. తిరిగి కట్టమని ఆదేశించి, ఖర్చు 3.3 కోట్ల పాకిస్తానీ రూపాయలను నిందితుల నుంచి రాబట్టమంది. 1997లో అదే సమాధిని ఒకసారి కూల్చారు. తిరిగి కట్టడానికి 2015 వచ్చింది, అదీ ఇదే కోర్టు కల్పించుకున్నాకే.

మొదటి గంటలో చేయగలిగింది కొంచెమే. పోస్టును, దాని తేదీని ఆర్కైవ్ చేసుకోవాలి, అంటే తర్వాత చెరిగిపోని నకలు దాచుకోవాలి. ఖండన వచ్చాక పాత పోస్టులు మాయమవుతాయి, కొన్నిసార్లు ఖండన కూడా. తర్వాత ఆ ఊరి హిందువుల సంఘమైన హిందూ పంచాయతీ ఏమందో వెతకాలి. స్థలం మీద అమ్మకం గొడవ ఉందంటే గుడి కమిటీ కూడా ఒక పక్షమే అయి ఉండొచ్చు, అప్పుడు పక్క దుకాణంవాడి మాటకు ఎక్కువ విలువ. ఎదురుగా తాజా ఫొటో పెట్టకుండా ‘అలాంటిదేమీ లేదు’ అని మాత్రమే చెప్పే అధికారిక ప్రకటనను వాట్సాప్ వీడియో పక్కనే పెట్టాలి, ఒక్క మెట్టు కూడా పైన కాదు.