"వీడే" అని రాసి ఉన్న పుస్తకం తర్వాత: మంచి మిస్టరీ నవలల కోసం ఏడేళ్ళ వెతుకులాట

2018లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఇంగ్లీషు డిటెక్టివ్ నవల దొరికింది. నూటయాభై చెప్పాడు, అరవైకి ఇచ్చాడు. ఆ రాత్రే కాచిగూడలో రైలెక్కి, పై బెర్తు మీద పడుకుని మొదలుపెట్టాను. ముప్పై నాలుగో పేజీలో ఒక పాత్ర పేరు కింద పెన్సిల్ గీత, పక్కనే తెలుగులో గుండ్రటి చేతిరాత: "వీడే". అనంతపురం ఇంకా చాలా దూరం ఉంది, సంచిలో ఇంకో పుస్తకం లేదు. రాసినవాడు తొందరపడి ఉంటాడులే, తప్పయి ఉంటుందిలే అనుకుంటూ చివరిదాకా చదివాను. వాడే.

ఆ ఉక్రోషంతోనే ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ నవల, ఎవరు చెప్తే కొన్నాను, ఎన్నో పేజీలో ఆపేశాను, హంతకుణ్ణి ఎక్కడ పట్టేశాను. ఇప్పటికి నూట అరవై దాటాయి. ఇక్కడ రాస్తున్నది వాటిలో ఏ ఒక్కదాని మీదా కాదు. కొత్త మిస్టరీ నవలలు వెతుక్కునే దారుల్లో నాకేవి పనికొచ్చాయి, ఏవి డబ్బులు తగలేశాయి అన్నదాని మీద.

మామూలు నవల బాగుందని చెప్పాలంటే ఎందుకు బాగుందో చెప్తాం. మిస్టరీలో గుట్టంతా ఆ "ఎందుకు"లోనే ఉంటుంది. చెప్తే పుస్తకం పోయింది, చెప్పకపోతే నమ్మకం కుదరదు. కాబట్టి ఏం చెప్పారన్నదాని కన్నా ఎవరు చెప్పారన్నదే చూసుకోవాలి. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్ళూ, బోలెడు డబ్బూ పట్టాయి.

ముందుగా వదిలించుకున్నది నక్షత్రాల పిచ్చి. ఆన్‌లైన్‌లో నాలుగున్నర నక్షత్రాలు, వేలకొద్దీ ఓట్లు చూసి కొన్నవే నా నోటుబుక్కులో "మధ్యలో ఆపేసినవి" వరుసలో ఎక్కువున్నాయి. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళ తిట్లు మాత్రం బంగారం. "కథ నత్తనడక", "ఊరి గురించీ వాన గురించీ పేజీలకు పేజీలు" అని ఎవరైనా విసుక్కున్నారంటే అది నాకోసం రాసిన పుస్తకమే. టానా ఫ్రెంచ్ రాసిన 'ఇన్ ద వుడ్స్' అలాగే దొరికింది. 2007లో వచ్చిన డబ్లిన్ పోలీసు కథ, మరుసటేడు తొలి నవలకిచ్చే ఎడ్గార్ బహుమతి కొట్టింది. తిట్టినవాళ్ళలో ఎక్కువమంది ముగింపునే తిట్టారు. ఎందుకో నేను చెప్పను గానీ, మా ఆవిడ ఆ పుస్తకం మూసేశాక రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అదేదో నేనే రాసినట్టు. నా లెక్కలో మాత్రం అది మొదటి ఐదింట్లో ఉంటుంది. అన్నట్టు, ఆ తిట్లు కూడా మొదటి రెండు వాక్యాలు చదివి ఆపేయండి. ఒళ్ళు మండిపోతున్నవాడికి గుట్టు దాచే ఓపిక ఉండదు.

అట్ట వెనక రాత అసలే చదవను. "చివరి మలుపును మీరు ఊహించలేరు" అన్న ముక్క కంటపడితే చాలు, ఇక ప్రతి పేజీలో ఆ మలుపు కోసం కాపలా కాయడమే సరిపోతుంది, కథ వంటబట్టదు.

ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువగా ఆదుకున్నవి బహుమతుల జాబితాలు. మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా వాళ్ళు 1946 నుంచి ఎడ్గార్లు ఇస్తున్నారు, ఎడ్గార్ ఎలన్ పో పేరు మీద. ఆయన పుట్టినరోజు జనవరి 19, ఆ చుట్టుపక్కలే తుది జాబితా వస్తుంది. బ్రిటన్‌లో క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ వాళ్ళవి డాగర్లు. వీటిలో గెలిచిన ఒక్కదాన్నే పట్టుకోకుండా తుది జాబితా మొత్తం రాసుకుంటాను. అందులోనూ తొలి నవలల జాబితా ఎప్పుడూ ముందు. తొలి నవల రాసేవాళ్ళు ఒకే కథను ఏళ్ళ తరబడి చెక్కి ఉంటారు. అదే డిటెక్టివ్‌తో ఎనిమిదో పుస్తకానికి వచ్చేసరికి ఆ డిటెక్టివ్ విడాకులూ, కాఫీలూ ఎక్కువై శవం చిక్కిపోతుంది.

డాగర్ల జాబితా నాకిచ్చిన గొప్ప కానుక జేన్ హార్పర్ 'ద డ్రై'. 2016లో వచ్చింది, 2017లో గోల్డ్ డాగర్ అందుకుంది. ఆస్ట్రేలియాలో రెండేళ్ళుగా చినుకు పడని పల్లె. చిన్ననాటి స్నేహితుడి చావుకని ఒక పోలీసు సొంత ఊరికి వస్తాడు. ఆ స్నేహితుడే పెళ్ళాన్నీ కొడుకునీ కాల్చి తనను తాను కాల్చుకున్నాడని ఊరంతా నమ్మేసింది; కరువు మనిషిని అంత పని చేయిస్తుందని వాళ్ళకు తెలుసు కాబట్టి. ఒకచోట ఆ పోలీసు తను చిన్నప్పుడు ఈదిన ఏటి దగ్గరకు నడిచి వెళ్తే అక్కడ నీళ్ళుండవు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం పక్కన పెట్టేశాను. పెన్నలో ఇసక తప్ప ఇంకేమీ చూడకుండా పెరిగినవాణ్ణి నేను. నేరానికి కారణం ఆ మట్టిలోంచే పుట్టుకొచ్చే నవల కావాలంటే దీన్ని మించింది నాకు తగల్లేదు.

ఎడ్గార్ జాబితాతో చిక్కేంటంటే అందులో అమెరికా గాలి ఎక్కువ, అనువాదాలు అరుదుగా దూరతాయి. దూరినప్పుడు వదలకూడదు. కీగో హిగాషినో 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' 2012 జాబితాలో అలా వచ్చింది. జపాన్‌లో 2005లోనే వచ్చి నవోకీ బహుమతి కూడా పొందిన నవల. హత్య మొదటి అధ్యాయంలోనే మన కళ్ళముందు జరుగుతుంది, ఎవరు చేశారో తెలిసిపోతుంది. పక్కింటి లెక్కల మాస్టారు దాన్ని ఎలా కప్పిపెట్టాడన్నదే మిగతా పుస్తకం. అయినా నేను పట్టలేకపోయాను. దీని మీద తీసిన హిందీ సినిమా 'జానే జాన్' ముందే చూసేసినవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

అక్కణ్ణుంచి జపాన్ పిచ్చి పట్టింది. వాళ్ళకు హోంకాకు అని ఒక సంప్రదాయం ఉంది: ఆధారాలన్నీ పాఠకుడి ముందు పెట్టి, కాచుకో అని సవాలు చేసే రకం. లండన్ పుష్కిన్ ప్రెస్ వాళ్ళు 2015లో వర్టిగో అనే విభాగం పెట్టి ఇలాంటివి ఇంగ్లీషులో తెస్తున్నారు. ఒక ప్రచురణ విభాగం అభిరుచి మనతో కలిసిందంటే సగం వెతుకులాట తప్పినట్టే. అయితే తేదీలు చూసుకోండి. ఇంగ్లీషులో 2019లో వచ్చిన 'ద హోంజిన్ మర్డర్స్' నిజానికి 1946 నాటిది. ఇప్పటి కథ అనుకుని కొంటే కిమోనోలు ఎదురవుతాయి. అది తప్పేం కాదు, బాగుంటుంది కూడా, కానీ అడిగింది అది కాదు కదా.

ఈ రకం మాత్రం కిండిల్‌లో కొనకండి. యుకితో అయాత్సుజి 'ద డెకగాన్ హౌస్ మర్డర్స్' ఆరంగుళాల తెర మీద మొదలుపెట్టాను. దీవిలో పది గోడల ఇల్లు, ఎవరి గది ఎక్కడో చూపే పటం. కాగితం మీదైతే పటం ఉన్న పేజీలో వేలు పెట్టుకుని చదువుకోవచ్చు. తెర మీద ప్రతిసారీ వెనక్కి నొక్కి, చిన్న అక్షరాలను పెద్దవి చేసుకుని, మళ్ళీ చదువుతున్న చోటికి రావాలి. నాలుగోసారికి విసుగొచ్చి పటాన్ని కరెంటు బిల్లు వెనక గీసుకున్నాను. తర్వాత అచ్చు పుస్తకం కూడా కొన్నాను.

కిండిల్‌లో అసలు విలువైనది శాంపిల్. పుస్తకంలో పదో వంతు దాకా ఉచితం. మూడొందల యాభై పేజీల నవలైతే ముప్పై అయిదు. ఆ లోపు శవం దొరకాల్సిన పని లేదు, కానీ ఎవరో ఒకరు ఏదో దాస్తున్నారని నాకు అనిపించాలి. అనిపించకపోతే తీసేస్తాను. ఈ ఒక్క అలవాటుతో ఆపేసే పుస్తకాలు సగానికి పైగా తగ్గాయి.

మన దేశం కథలకు వస్తే, సుజాతా మాస్సే 'ఎ మర్డర్ ఆన్ మలబార్ హిల్' కళ్ళు మూసుకుని కొనొచ్చు. 1921 బొంబాయి, పార్సీ లాయరమ్మ పర్వీన్ మిస్త్రీ. ఘోషాలో ఉన్న ముగ్గురు వితంతువుల ఇంట్లో హత్య, మగ పోలీసు లోపల అడుగు పెట్టలేడు, ఈమె పెట్టగలదు. ఆడ డిటెక్టివ్ ఎందుకూ అన్న ప్రశ్నకు కథే జవాబు. దీన్ని నేను చదివేసి మురిసిపోతుంటే డాలస్ నుంచి వచ్చిన మా చెల్లి "నీకు నచ్చుతుందన్నయ్యా" అంటూ 'ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్' చేతిలో పెట్టింది. రెండో భాగం కాబోలని సంబరంగా తెరిస్తే మొదటి వాక్యం ఎక్కడో విన్నట్టుంది. అమెరికాలో ఆ పేరు, ఇక్కడ ఈ పేరు, పుస్తకం ఒకటే. ఒకటి మా తోడల్లుడికి ఇచ్చాను.

అబీర్ ముఖర్జీ 'ఎ రైజింగ్ మ్యాన్' 1919 కలకత్తా, వసీమ్ ఖాన్ 'మిడ్‌నైట్ ఎట్ మలబార్ హౌస్' 1950 మొదటి రోజుల బొంబాయి. రెండూ చారిత్రక నవలల డాగర్ గెలిచినవే, రెండూ బాగున్నాయి. నా గొడవల్లా మన మంచి మిస్టరీలన్నీ పాతకాలంలోకే ఎందుకు పారిపోతున్నాయన్నది. సీసీ కెమెరాలు, టవర్ లొకేషన్, ఫోన్‌పే చెల్లింపులు ఉన్న ఊళ్ళో అలిబీ, అంటే నేరం జరిగినప్పుడు నేనక్కడ లేనన్న రుజువు, అల్లడం కష్టమే. ఆ కష్టం పడితే చూడాలని ఉంది. ఇప్పటి ఢిల్లీ క్లబ్బులో కథ నడిపిన అనుజా చౌహాన్ 'క్లబ్ యూ టు డెత్' కాస్త ఆ సాహసం చేసింది, నవ్విస్తూ.

తెలుగులో మా నాన్న కాలానికి ఈ కరువు లేదు. అద్దె షాపులో కొమ్మూరి సాంబశివరావు నవలలు రోజు లెక్కన తెచ్చుకునేవారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా ఇంట్లో చుట్టాల్లా ఉండేవాళ్ళు. ఇప్పటి హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో, వాచ్‌మన్ రిజిస్టరు మీదా లిఫ్ట్ కెమెరా మీదా నడిచే ఒక తెలుగు నవల వస్తే ముందుగా డబ్బు కట్టి మరీ కొంటాను. ఉంటే చెప్పండి. పేరు మాత్రమే చెప్పండి.

పోయిన వేసవిలో మా అమ్మాయికి ఈ పుస్తకాల రుచి తగిలింది. ఏది చదవాలో చూసుకుంటానని నా నోటుబుక్కు తీసి తిరగేసింది. అయిదు నిమిషాలకు గదిలోంచి కేక: "నాన్నా, హంతకుల పేర్లన్నీ రాసి పెట్టావేంటి!"

ఇప్పుడది బీరువాలో, తాళంలో ఉంది.