క్రాకోవ్‌లో బ్రదర్ ఆల్బర్ట్ జాడలు: చూడాల్సినవి, బస, భోజనం

క్రాకోవ్ వెళ్లే మనవాళ్లు వావెల్ కోట, వీలిచ్కా ఉప్పు గని చూసి తిరిగొస్తుంటారు. నేను, మా అక్క మాత్రం ఒక మనిషి కోసం వెళ్లాం, చిత్రకళ వదిలేసి ఇళ్లు లేని పేదల మధ్య బతికిన మనిషి. ఆయన పేరు ఆదమ్ హ్మియెలోవ్‌స్కీ. పోలండ్‌లో బ్రదర్ ఆల్బర్ట్ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. కొందరు ఆయన్ని ఫాదర్ అంటారు గానీ, ఆయన గురుపట్టం పొందలేదు, చివరిదాకా బ్రదర్‌గానే ఉన్నారు.

1845లో క్రాకోవ్ దగ్గరి పల్లెలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు. 1863లో రష్యా పాలన మీద తిరుగుబాటు మొదలైతే చదువు వదిలేసి అందులో చేరారు. పోరులో గాయపడటంతో ఎడమ కాలు తీసేశారు. అప్పటికి వయసు 18. ఆ తర్వాత కృత్రిమ కాలుతోనే పారిస్, మ్యూనిక్ తిరిగి చిత్రకళ నేర్చుకున్నారు.

మొదట పాత బజారు మధ్యలో ఉన్న సుకియెన్నిత్సే అనే పాత బట్టల మార్కెట్ భవనం పై అంతస్తులోని గ్యాలరీకి వెళ్లండి. 19వ శతాబ్దపు పోలిష్ చిత్రాలు అక్కడ ఉంటాయి. సోమవారం మూసేస్తారు. ఆల్బర్ట్ స్నేహితుడు హెల్మోన్‌స్కీ వేసిన నాలుగు గుర్రాల బండి చిత్రం గోడంతా నిండి, మన మీదికి దూసుకొస్తున్నట్టే ఉంటుంది. వార్సాలో వీళ్లంతా ఒకే స్టూడియోలో కలిసి పనిచేసినవాళ్లు. ఆల్బర్ట్ ఎలాంటి లోకాన్ని వదులుకున్నారో ఆ గదిలో నిలబడితే తెలుస్తుంది. అందుకే దీన్ని చివరికి పెట్టుకోవద్దంటాను.

తర్వాత చూడాల్సింది ఎక్చె హోమో గుడి. పర్యాటకుల దారికి దూరంగా, ఊరి ఉత్తరం వైపు మామూలు అపార్ట్‌మెంట్ల మధ్య ఉంటుంది. సిటీ బస్సులో సులువుగా వెళ్లొచ్చు. టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. గుడిలో బలిపీఠం పైన ఆయన వేసిన క్రీస్తు చిత్రం ఉంది. రోమా గవర్నరు పిలాతు "ఇదిగో ఈ మనుష్యుడు" (లాటిన్‌లో ఎక్చె హోమో) అని జనానికి చూపించిన ఘట్టం అది. ముళ్ల కిరీటం, కట్టేసిన చేతులు. భుజాల మీది ఎర్రటి వస్త్రం ఛాతీ దగ్గర గుండె ఆకారంలో జారి ఉంటుంది. 1879 ప్రాంతంలో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి పూర్తి చేయకుండా దగ్గరే ఉంచుకున్నారు. చివరికి ల్వీవ్‌లోని మెట్రోపాలిటన్ (ప్రధాన బిషప్) షెప్టిత్స్కీ అడిగితే ఇచ్చేశారు, తర్వాతెప్పుడో అది మళ్లీ క్రాకోవ్ చేరింది. ఆ ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. అక్క చాలాసేపు కదల్లేదు. నాకైతే ఈ యాత్ర మొత్తానికి ఇదే ముఖ్యమైన చోటు. పూజ జరిగేటప్పుడు చిత్రం చూడ్డానికి ముందుకు వెళ్లడం మర్యాద కాదు, పూజ లేని సమయం కనుక్కుని వెళ్లండి.

కజిమియెజ్ పేట మరో సంగతి. ఇళ్లు లేనివాళ్లు చలికాలం తలదాచుకునేందుకు అప్పట్లో నగరపాలక సంస్థ ఇక్కడ ఒక షెడ్డు నడిపేది. మురికి, తాగుడు, కొట్లాటలు. అది చూసిన ఆల్బర్ట్ పైనుంచి సాయం అందిస్తే చాలదనుకుని, వాళ్లతోనే ఉండటానికి వెళ్లిపోయారు. 1887లో సన్యాసిగా బూడిద రంగు అంగీ వేసుకున్నారు. మరుసటి ఏడాది నగరంతో ఒప్పందం చేసుకుని ఆ షెడ్డు బాధ్యత తీసుకున్నారు. పడకలు, తిండి, చేయడానికి పని ఏర్పాటు చేశారు. మనిషి రొట్టెలా మంచివాడై ఉండాలనేవారు. బల్ల మీద అందరికీ అందేలా ఉన్న రొట్టె నుంచి ఆకలైనవాళ్లు ఎవరైనా ఒక ముక్క తుంచుకోవచ్చు, అలా ఉండాలని. 1916 క్రిస్మస్ రోజున పేదల మధ్యే కన్నుమూశారు. ఇక్కడ పర్యాటకుల కోసమంటూ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. వీధులు నడిచి రావాలి, అంతే. అయినా బస ఇక్కడే పెట్టుకోమంటాను. ట్రామ్ దగ్గర, కోట దాకా నడిచిపోవచ్చు. వీధి వైపు గది మాత్రం వద్దు, శుక్ర, శని రాత్రుళ్లు బార్ల గోల ఉంటుంది.

భోజనానికి బార్ మ్లెచ్నీ అనే చవక హోటళ్లు మేలు. శాకాహారులు పియెరోగి రుస్కియె అనే కజ్జికాయల్లాంటి ఉడికించిన వంటకం అడగండి, లోపల బంగాళదుంప, జున్ను ఉంటాయి. పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతుంటారు, "బెజ్ స్క్వారెక్" అంటే వేయకుండా ఇస్తారు.

కొండల ఊరు జకోపానె దగ్గర కలాతుఫ్కి ఆశ్రమం కూడా ఆయన కట్టించిందే, 1898లో. స్థలం జమోయ్‌స్కీ ప్రభువు ఇచ్చారు. కుజ్నిత్సే దాకా మినీబస్సు, నేషనల్ పార్క్ టికెట్, అక్కడి నుంచి రాళ్లు పరిచిన ఎక్కుడు దారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఒంటికాలితో ఆయన ఈ కొండలో ఎలా తిరిగారో అనిపిస్తుంది. చెక్క ఇంట్లో ఆయన ఉన్న చిన్న గది చూడొచ్చు. అక్కడి సిస్టర్లు మాకు ఓపిగ్గా చూపించారు, భాష రాకపోయినా.

జకోపానెలో మేం దిగిన గెస్ట్‌హౌస్ మాత్రం నచ్చలేదు. హీటర్‌కు విడిగా డబ్బు అడిగారు, ఆ మాట ముందు చెప్పలేదు. బుక్ చేసేముందు అడిగి తేల్చుకోండి. ఒక్క రోజే ఉంటే జకోపానె వదిలేసి, గ్యాలరీ, ఎక్చె హోమో చూడండి. వెళ్లదలిస్తే వారం మధ్యలో వెళ్లండి. ఆదివారం సాయంత్రం క్రాకోవ్ రోడ్డు మీద ట్రాఫిక్‌తో రెండు గంటల బస్సు ప్రయాణం ఎంతసేపు సాగుతుందో చెప్పలేం.