ఎయ్‌క్యూ కలలు: వెలుతురు బొమ్మ మేలా, రాగిరేకు మేలా?

జపాన్ సర్రియలిస్టు (కలలను, మనసు లోపలి ఊహలను బొమ్మకట్టే కళాకారుడు) ఎయ్‌క్యూ బొమ్మలు కొత్తగా చూసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్న ఊరికే వేయడం లేదు. నూనె రంగులు, కొలాజ్ (ముక్కలు అతికించి చేసే బొమ్మ), ఫోటోగ్రామ్, ఎచింగ్, లితో (రాతి పలక మీద గీసి అచ్చుతీసే బొమ్మ) అన్నీ చేసిన మనిషి ఆయన. తప్పు చోట మొదలుపెడితే ఈయన ఎవరో అందకుండానే పక్కకు వెళ్లిపోతాం. అసలు పేరు సుగిత హిదేఓ. 1911లో మియజాకీలో కంటి డాక్టర్ ఇంట్లో పుట్టి, 1960లో 48 ఏళ్లకే పోయారు.

చాలామంది ఫోటోగ్రామ్‌లతో మొదలుపెట్టమంటారు. అందులో న్యాయం ఉంది. చీకటి గదిలో ఫోటో కాగితం పరిచి, దాని మీద కత్తిరించిన కాగితం ఆకారాలు, చేతికి దొరికిన వస్తువులు పెట్టి వెలుతురు పడనివ్వడమే పని. కెమెరా ఉండదు. వెలుతురు తగిలిన చోట నల్లబడుతుంది, అడ్డుపడిన చోట తెల్లగా మిగులుతుంది. చిన్న టార్చిలైటుతో ఆ కాగితం మీదే గీతలు కూడా గీశారు. అందుకే వీటిని ‘ఫోటో-దెస్సాన్’ అన్నారు, అంటే ఫోటో కాగితం మీది రేఖాచిత్రం. 1936లో పది బొమ్మలతో ‘నిద్రకు కారణం’ అనే సంపుటి వెలువడింది. ఎయ్‌క్యూ అన్న పేరు పెట్టుకున్నదీ ఆ ఏడాదే. పాతికేళ్ల కుర్రాడు! చూడగానే ఒళ్లు జలదరిస్తుంది.

అయినా నా ఓటు ఎచింగ్‌కే.

రాగిరేకుకు మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో వేస్తారు. సూది గీకిన చోట మాత్రమే రాగి కరిగి గాడి పడుతుంది. ఆ గాడిలో ఇంకు నింపి, తడి కాగితం మీద ప్రెస్సుతో గట్టిగా ఒత్తుతారు. ఫోటోగ్రామ్‌లో సగం పని నీడలే చేసి పెడతాయి. ఇక్కడ అలా కాదు, కలలోని ప్రతి గీతా చేతి నుంచే రావాలి. 1951 నుంచి ఆయన చెక్కిన రేకులు 300 దాటాయి. మనిషి ఎక్కడ ఆగి జంతువు ఎక్కడ మొదలవుతుందో తెలియని ఆకారాలు వాటిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు గందరగోళం, మూడోసారికి ఒక్కో ఆకారం విడివడి మన వైపు తిరుగుతుంది. ఫోటోగ్రామ్ అంతా ఒక్క చూపులోనే ఇచ్చేస్తుంది. నాకు ఈ ఆలస్యమే ఇష్టం.

ఇంకో కారణం కూడా ఉంది. 1951లోనే ఒసాకాలో ‘డెమోక్రాటో’ సంఘం పెట్టి కుర్ర కళాకారులను చుట్టూ చేర్చుకున్నారు. ఆయన ప్రోత్సాహంతో ఎచింగ్ పట్టిన ఇకెదా మసువో 1966లో ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెన్నాలేలో ప్రింట్ల విభాగంలో పెద్ద బహుమతి గెలిచారు. ఆ రేకులకు అంత దూరం నడిపించే శక్తి ఉంది.

లితోలు? రంగులు ముచ్చటగా ఉంటాయి. కానీ రంగు వచ్చేసరికి కలలోని భయం కాస్త తగ్గిపోతుంది. వాటిని చివరికి ఉంచుకోండి.

ఎచింగ్‌లు చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. కొన్ని ఆయన బతికుండగా అచ్చువేసినవి, కొన్ని పోయాక అవే రేకుల నుంచి తీసినవి. కొనేవాళ్లకు ఈ తేడా పెద్దది. చూడ్డానికైతే రెండో రకం దొరికినా వదలొద్దు, గీత ఆయనదే.