అభ్యంతరం చెప్పని గుమాస్తా: పద్దుల పనికి ఎక్సెల్, ఏళ్ల వాడకం తర్వాత

సొంతంగా పద్దులు రాసిపెట్టే పనిలోకి కొత్తగా దిగేవాళ్లకి మొదటి సందేహం ఒకటే: అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలా, ఎక్సెల్‌తో నెట్టుకు రావచ్చా? చిన్న వ్యాపారాల పద్దులు ఏళ్ల తరబడి ఎక్సెల్‌లో రాసి, కొన్నిటిని సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి, కొన్నిటిని ఇప్పటికీ ఎక్సెల్‌లోనే ఉంచాక చెప్తున్న మాట ఇది. ఒకరిద్దరు క్లయింట్లతో మొదలుపెట్టేవాళ్లకి ఎక్సెల్ చాలు. పని నేర్పడంలో సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే మేలు, ఎందుకంటే డెబిట్ ఎటు పోతోందో, క్రెడిట్ ఎటు పోతోందో ప్రతి పద్దుకీ మీరే ఆలోచించి రాయాలి. కాకపోతే దీనికో పెద్ద లోపం ఉంది. ఏం రాసినా ఊరుకుంటుంది. డెబిట్ వెయ్యి, క్రెడిట్ వంద రాసినా నోరు మెదపదు. అడ్డుకునే ఏర్పాటు మీరు కట్టుకుంటేనే ఉంటుంది, లేకపోతే లేదు.

వర్క్‌బుక్‌లో నాలుగు షీట్లు పెట్టుకుంటే సరిపోతుంది: ఖాతాల జాబితా, చిట్టా (రోజువారీ పద్దులు రాసేది), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాలవారీ మొత్తాల పట్టిక), బ్యాంకు. నెలకో షీటు తెరవడం కొత్తవాళ్లకి అలవాటు. అది మానుకోవాలి. ఏడాది మొత్తం ఒకే చిట్టాలో ఉండాలి, నెల కావాలంటే తేదీతో వడకట్టుకోవచ్చు. పన్నెండు షీట్లలో పన్నెండు రకాల ఫార్ములాలు పెట్టుకుంటే, వాటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. అది ఏదో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం పోతుంది.

ఖాతాలకి కోడ్ ఇవ్వాలి. 1000 నుంచి ఆస్తులు, 2000 నుంచి అప్పులు, 3000 నుంచి మూలధనం, సొంత వాడకాలు, 4000 నుంచి ఆదాయాలు, 5000 నుంచి ఖర్చులు. మధ్యలో ఖాళీలు వదలండి. 5010 తర్వాత 5020, అంతేగాని 5011 కాదు. చిన్న సేవా వ్యాపారానికి ముప్పై నలభై ఖాతాలు దండి. పెన్నులకొకటి, కాగితాలకొకటి అంటూ నూట ఇరవై ఖాతాలు తెరిస్తే ఈ నెల ఒక ఖాతాలో, వచ్చే నెల ఇంకో ఖాతాలో అదే ఖర్చు పడుతుంది. అప్పుడు నెలకీ నెలకీ పోల్చి చూడటమే కుదరదు.

చిట్టాలో కాలమ్‌లు ఇవి: వరుస నంబరు, తేదీ, వోచరు నంబరు, ఖాతా కోడ్, వివరం, డెబిట్, క్రెడిట్, బ్యాంకు గుర్తు. ఒక్కో లావాదేవీకి కనీసం రెండు లైన్లు, రెండిటికీ ఒకే వోచరు నంబరు. కోడ్ కాలమ్‌కి డేటా వాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ పెడితే జాబితాలో లేని ఖాతా టైపు చేయలేరు. అయితే ఆ కాపలా టైపు చేసినప్పుడే పనిచేస్తుంది, పేస్ట్ చేస్తే పట్టించుకోదు. చిట్టా మొత్తాన్ని కంట్రోల్, టి నొక్కి టేబుల్‌గా మార్చండి. కొత్త లైను రాసిన ప్రతిసారీ ఫార్ములాల పరిధి దానంతటదే పెరుగుతుంది. ఇది చేయనివాళ్ల అంకణాలో మొదటి 500 వరుసలే లెక్కకి వచ్చి, 501వ వరుస నుంచి గాలికి పోవడం మామూలే. అంకణాలో ప్రతి కోడ్‌కీ సమ్‌ఇఫ్స్‌తో (షరతుకి సరిపోయే లైన్లనే కూడే ఫార్ములా) డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం లాగితే చాలు.

ఇక తనిఖీలు. అసలు పనితనం ఇక్కడే ఉంది. మొదటిది, మొత్తం డెబిట్లూ క్రెడిట్లూ సమానమా అని. రెండోది, ప్రతి వోచరు నంబరూ విడిగా సున్నాకి తేలుతోందా అని. దీనికి చిట్టాలోనే పక్కన ఒక కాలమ్ పెట్టి, ఆ వోచరు డెబిట్లలోంచి క్రెడిట్లు తీసేయాలి. మూడోదాన్ని దాదాపు ఎవరూ పెట్టరు. కౌంట్ ఫార్ములా అంకెలున్న గడులనే లెక్కపెడుతుంది. డెబిట్ కాలమ్‌కి కౌంట్, క్రెడిట్ కాలమ్‌కి కౌంట్ కలిపితే మొత్తం లైన్ల సంఖ్య రావాలి, ఎందుకంటే ప్రతి లైనులోనూ ఒకే అంకె ఉంటుంది. ఎందుకింత పట్టింపు అంటే, బయటి నుంచి పేస్ట్ చేసిన అంకెలు ఒక్కోసారి అక్షరాలుగా కూర్చుంటాయి. చూడటానికి అంకెలే, కానీ మొత్తంలో కలవవు. వోచరులో రెండు లైన్లూ అలాగే వస్తే రెండూ లెక్కలోంచి జారిపోతాయి, అంకణా మాత్రం చక్కగా సరిపోతుంది. మొదటి రెండు తనిఖీలూ పచ్చగా వెలుగుతుంటాయి. మూడోది ఒక్కటే పట్టిస్తుంది.

తేడా చూసే ప్రతి ఫార్ములానీ రౌండ్‌లో చుట్టి రెండు దశాంశాలకి కుదించండి. ఎక్సెల్ లోపల భిన్నాలని ద్విసంఖ్యా పద్ధతిలో దాచుకుంటుంది కాబట్టి, వందల లైన్లు కలిపాక ఎక్కడో పదో దశాంశంలో దుమ్ము మిగులుతుంది. తెరమీద 0.00 కనిపిస్తున్నా తనిఖీ గడి తప్పనే అంటుంది. లేని తప్పు కోసం గంటలు వెతకడం అప్పుడు మొదలవుతుంది.

బ్యాంకు స్టేట్‌మెంట్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) దించుకుని నేరుగా డబుల్ క్లిక్ చేయకండి. 03/04 అనే తేదీని కంప్యూటర్ సెట్టింగును బట్టి మార్చి 4 అనుకోవచ్చు, ఏప్రిల్ 3 అనుకోవచ్చు. ఆ సెట్టింగు స్టేట్‌మెంట్‌తో కలవకపోతే, రోజు 12 లోపు ఉన్న తేదీ తారుమారవుతుంది, 12 దాటినది అక్షరంగా మిగిలిపోతుంది. గుర్తు పట్టడం తేలికే: కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపుకి, కొన్ని ఎడమవైపుకి ఒత్తిగిలి ఉంటాయి. డేటా మెనూలోని టెక్స్ట్ లేదా సీఎస్‌వీ దిగుమతి దారిలో వెళ్లి తేదీ రకాన్ని మీరే ఎంచుకోవాలి. లావాదేవీ రిఫరెన్స్ కాలమ్‌ని కూడా అక్కడే టెక్స్ట్‌గా మార్చండి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నాలు పెడుతుంది. ఫైలు సేవ్ చేశాక ఆ అంకెలు ఇక తిరిగి రావు. చెక్కు నంబరు ముందున్న సున్నాలదీ అదే గతి. దించుకున్న అసలు ఫైలుని ముట్టుకోకుండా ఒక ఫోల్డరులో ఉంచుకోవడం అందుకే.

స్టేట్‌మెంట్ చేతికి రాగానే కొత్తవాళ్లు తడబడేది ఇంకో చోట. బ్యాంకు క్రెడిట్ అని రాసినది మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకి డెబిట్. బ్యాంకు తన వైపు నుంచి రాసుకుంటుంది. మనం వేసిన డబ్బు దానికి మనకివ్వాల్సిన బాకీ.

నెలాఖరున బ్యాంకు నిల్వల సమన్వయమే ఈ పనిలో క్లయింటుకి మీరు నిజంగా అమ్మేది. మిగతాదంతా టైపింగు. ఒక నెల ఇలా ఉందనుకుందాం: పుస్తకం ప్రకారం నిల్వ 48,250, స్టేట్‌మెంట్ ప్రకారం 52,900. ఒక్కో లైనునీ స్టేట్‌మెంట్‌తో పోల్చి బ్యాంకు గుర్తు కాలమ్‌లో టిక్కు పెట్టుకుంటూ పోతే చివరికి టిక్కు పడనివి మిగులుతాయి. మనం ఇచ్చిన రెండు చెక్కులు, 3,500, 2,500, ఇంకా బ్యాంకుకి చేరలేదు. మనం జమ చేసిన 1,200 ఇంకా వాళ్ల లెక్కలోకి ఎక్కలేదు. బ్యాంకు కోసుకున్న చార్జీ 150 మన పుస్తకంలో లేదు. స్టేట్‌మెంట్ నిల్వలోంచి 6,000 తీసి 1,200 కలిపితే 48,100. పుస్తకం నిల్వలోంచి 150 తీస్తే అదీ 48,100. చార్జీకి పద్దు రాయాలి, చెక్కులకీ జమకీ ఏమీ రాయకూడదు, అవి వచ్చే నెల వాటంతటవే తేలతాయి. మూడు నెలలైనా తేలని చెక్కు ఉంటే మాత్రం క్లయింటుని అడగాల్సిందే. పోగొట్టుకుని ఉండొచ్చు, రెండుసార్లు రాసి ఉండొచ్చు.

తేడా మిగిలితే మొదటి నుంచి కూడుకుంటూ రాకండి. ముందు సరిగ్గా అంతే మొత్తం ఉన్న లైను కోసం వెతకండి. దొరక్కపోతే తేడాలో సగం కోసం చూడండి. 1,840ని అవతలి వైపు రాస్తే తేడా 3,680 వస్తుంది. అదీ కాకపోతే తొమ్మిదితో భాగించండి. 630ని 360 అని రాస్తే తేడా 270, అది తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. 450ని 45గా రాసినా 405, అదీ పోతుంది. నిశ్శేషంగా పోయిందంటే అంకెలు తారుమారయ్యాయనో సున్నా జారిందనో అనుమానించాలి. ఫిల్టర్ పెట్టి చూసేటప్పుడు ఒక జాగ్రత్త: సమ్ ఫార్ములా కనబడని లైన్లని కూడా కలుపుతుంది. కనిపించే లైన్ల మొత్తం కావాలంటే సబ్‌టోటల్ వాడి, దానికి 109 అనే సంఖ్య ఇవ్వాలి.

అంకణా సరిపోయినంత మాత్రాన పుస్తకం సరైనదని కాదు. చిన్న వ్యాపారాల్లో పదేపదే దొర్లే తప్పులు అంకణాకి అసలు కనబడవు. యజమాని ఇంటి ఖర్చుని వ్యాపారం ఖర్చుగా రాయడం, అప్పుగా తెచ్చిన డబ్బుని అమ్మకాల్లో వేయడం, ఒక బ్యాంకు ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మార్చిన సొంత డబ్బుని ఆదాయం అనుకోవడం, అప్పు కిస్తీ మొత్తాన్ని ఖర్చులో పడేయడం. కిస్తీలో వడ్డీ భాగమే ఖర్చు, అసలు భాగం అప్పుని తగ్గిస్తుంది. కార్డు అమ్మకాల్లోనూ ఇదే చిక్కు. 10,000 అమ్మితే రుసుము 200 పోను 9,800 బ్యాంకులో పడుతుంది. కొత్తవాళ్లు అమ్మకం 9,800 అని రాసేస్తారు. లాభం మారదు గనక ఎవరికీ అనుమానం రాదు, కానీ అమ్మకాలు తక్కువ చూపినట్టవుతుంది.

ఏమిటో తెలియని లైనుని ఊహించి రాయకండి. అనామతు ఖాతాలో (సంగతి తేలేదాకా తాత్కాలికంగా ఉంచే ఖాతా) వేసి, నెలలో ఒక స్థిరమైన రోజున క్లయింటుకి జాబితా పంపండి: తేదీ, మొత్తం, బ్యాంకు రాసిన మాట యథాతథంగా, పక్కన జవాబుకి ఖాళీ గడి. రోజుకో ఫోను చేస్తే విసుక్కుంటారు, నెలకో జాబితాకి మాత్రం చాలామంది జవాబిస్తారు. అనామతు ఖాతా ప్రతి నెలా సున్నాకి రావాలి. ఆర్నెల్ల కిందటి చెల్లింపు దేనికో యజమానికే గుర్తుండదు.

అనుభవం తక్కువున్నప్పుడు ఎవరి పని ఒప్పుకోవాలన్నది ఎక్సెల్ కన్నా ముఖ్యం. ఒకే బ్యాంకు ఖాతా, సరుకు నిల్వ లేని సేవా వ్యాపారం, నెలకి అరవై ఎనభై లైన్లు: మొదలుకి ఇది చాలు. సరుకు నిల్వలు, సిబ్బంది జీతాలు, రెండు మూడు దేశాల డబ్బు, రెండేళ్లుగా రాయని పుస్తకాలు మొదట్లో వద్దు. ఫీజు చెప్పే ముందు మూడు నెలల స్టేట్‌మెంట్లు అడిగి లైన్లు లెక్కపెట్టండి. వ్యాపారం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి పని ఉండదు; లైన్లను బట్టి, ఖాతాల సంఖ్యను బట్టి, కాగితాలు వేళకి వస్తాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంకా క్లయింటే లేకపోతే, మీ సొంత ఖాతా మూడు నెలల స్టేట్‌మెంట్‌తో పైన చెప్పినదంతా చేసి, ఎన్ని గంటలు పట్టిందో రాసి పెట్టుకోండి. మొదటి ఫీజుకి ఆధారం అదే.

ఒప్పందం ఒక పేజీయే అయినా రాతలో ఉండాలి. ఏమేం చేస్తారు, ఏం చేయరు, కాగితాలు ఏ తేదీలోగా రావాలి, ఆలస్యమైతే ఏమవుతుంది. పన్ను సలహా, ఆడిట్ మీ పని కాదని స్పష్టంగా ఉండాలి. పన్ను పత్రాలు ఎవరు దాఖలు చేయవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది గనక ముందే కనుక్కోండి. బ్యాంకుకి చూడటానికి మాత్రమే వీలిచ్చే లాగిన్ అడగండి. పాస్‌వర్డూ ఓటీపీ వాళ్లే ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఎవరు ఎప్పుడు ఏ పద్దు దిద్దారో మామూలు ఎక్సెల్ ఫైలు నమ్మకంగా చెప్పలేదు. దీన్ని పూర్తిగా సరిచేయలేం, నష్టం తగ్గించుకోగలం. నెల ముగియగానే అంకణానీ సమన్వయ పట్టికనీ పీడీఎఫ్‌గా తీసి, వర్క్‌బుక్ నకలుని ఆ నెల పేరుతో దాచండి. ముగిసిన నెలలో తప్పు దొరికితే పాత లైను చెరపకుండా, ఈ నెల తేదీతో డెబిట్, క్రెడిట్ అటూ ఇటూ మార్చి దాన్ని రద్దు చేసే పద్దు వేసి, సరైన పద్దు రాయండి. షీట్ ప్రొటెక్షన్ చెయ్యి జారకుండా కాపాడుతుందే తప్ప తాళం కాదు. క్లయింటుకో విడి ఫైలు, తెరవడానికి పాస్‌వర్డు, మూడు కాపీలు, వాటిలో ఒకటి వేరే చోట.

నెలకి రెండు వందల లైన్లు దాటినా, ఇద్దరు రాయాల్సి వచ్చినా, ఎవరు ఎన్నాళ్లుగా బాకీ ఉన్నారో వారం వారం అడుగుతున్నా, దిద్దుబాట్ల చరిత్ర ఉండాలని చట్టం చెప్పినా సాఫ్ట్‌వేర్‌లోకి మారాల్సిందే. షీటులో 10,48,576 వరుసలున్నాయన్నది ఇక్కడ ఊరటేమీ కాదు, అంతకు చాలా ముందే సమ్‌ఇఫ్స్‌ల బరువుకి ఫైలు నత్తనడక పడుతుంది. మారేటప్పుడు నెల మొదటి తేదీని ఎంచుకోండి, లెక్కల సంవత్సరం మొదలైతే మరీ మంచిది. అంకణాలోని నిల్వలతో పాటు తేలని చెక్కుల జాబితా, రావలసిన బాకీలు బిల్లు బిల్లుగా, ఇవ్వాల్సినవి బిల్లు బిల్లుగా ఎక్కించాలి. బాకీల మొత్తం ఒక్కటే ఎక్కించి ఊరుకుంటే వచ్చే నెల డబ్బు వచ్చినప్పుడు ఏ బిల్లుకి కట్టాలో తెలియక అనామతు ఖాతా నిండిపోతుంది. ఒక నెలపాటు రెండిట్లోనూ రాసి, రెండు అంకణాలూ ఖాతా ఖాతాకీ కలిశాకే పాత వర్క్‌బుక్ మూయండి.