అడవిలోనే ఉంచాలా, మ్యూజియానికి తేవాలా?

రెండో ప్రపంచ యుద్ధంలో పాపువా న్యూగినీలో కూలిన రెండు యుద్ధ విమానాల గురించే ఈ ప్రశ్న.

అమెరికా బి-17 బాంబర్ ‘స్వాంప్ ఘోస్ట్’ 1942 ఫిబ్రవరిలో రబౌల్‌లోని జపాన్ స్థావరంపై దాడి నుంచి వస్తూ ఇంధనం చాలక చిత్తడిలో దిగింది. అందులో ఉన్న తొమ్మిదిమందీ బతికారు. 2006లో విడిభాగాలుగా విప్పి బయటికి తీశారు. ఇప్పుడు హవాయిలోని పెర్ల్ హార్బర్ మ్యూజియంలో ఉంది. ఇక ముక్కలు ఊడదీసుకుపోతారన్న టెన్షన్ లేదు. కానీ స్థానికులకు అది దూరమైపోయింది, ఆ బాధ న్యాయమైనదే.

రెండోది జపాన్ నౌకాదళాధిపతి అడ్మిరల్ యమమోటో ప్రయాణిస్తున్న విమానం. దాన్ని 1943 ఏప్రిల్ 18న అమెరికన్లు బూగన్‌విల్ దీవి అడవిలో కూల్చారు. రెక్క భాగం ఒకటి జపాన్‌లో ఆయన సొంతూరైన నగవోకాకు చేరింది. మిగతా శిథిలం చెట్ల మధ్యే నెమ్మదిగా కరిగిపోతోంది. అందులో ఉన్న పదకొండుమందీ చనిపోయారు. స్వాంప్ ఘోస్ట్‌ను తేవడం సరైనదే అనిపిస్తుంది, అంతమంది చనిపోయిన చోటు కాబట్టి దీన్ని మాత్రం కదపకూడదు.