పురుగుమందు కొట్టడానికి త్రీఎం కంపెనీ 6200 మాస్కు: ఊపిరికి భేష్, కంటికి చాలదు

పత్తికీ మిర్చికీ ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందులు కొట్టేటప్పుడు మూతికి తువ్వాలు చుట్టడం మన దగ్గర మామూలే. తువ్వాలు ఆవిరిని ఆపదు సరికదా, తనలో ఇంకిన మందును గంటల తరబడి చర్మానికి అంటిపెడుతుంది. దానికి బదులు 6200 సగం ముఖం మాస్కు, ఆవిరిని పట్టే 6001 కాట్రిడ్జిలు, వాటిపైన 501 మూతలతో తుంపరను ఆపే ఫిల్టర్లు పెట్టుకుంటే ఊపిరికి నిజమైన రక్షణ. ఫిల్టర్ దగ్గర జాగ్రత్త: 5ఎన్11 రకం నూనె తుంపరకు పనికిరాదు, నూనె కలిపి కొడితే 5పీ71 తీసుకోండి.

పెట్టుకున్నాక రెండు బొటనవేళ్లతో మూతల మధ్య నొక్కి గాలి పీల్చండి. మాస్కు ముఖానికి అతుక్కుని అలాగే నిలవాలి. గడ్డం ఉంటే నిలవదు. పని అయ్యాక కాట్రిడ్జిలను జిప్ కవర్లో మూసి పెట్టకపోతే ఊరికే ఉన్నా గాలిలోని ఆవిరిని పీల్చుకుని అయిపోతాయి. లోపలికి వాసన తెలిసిందంటే అప్పటికే ఆలస్యం.

అసలు లోటు కంటి దగ్గర. నరం నుంచి కండరానికి వచ్చే సంకేతాన్ని ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమును ఈ మందులు పనిచేయనివ్వవు, దాంతో కంటిపాపను ముడిచే కండరం బిగుసుకుపోతుంది. తుంపర నేరుగా కంట్లో పడితే ఒంట్లో ఇంకే లక్షణమూ లేకుండానే ఇలా కావచ్చు. చీకట్లో 6 మిల్లీమీటర్లు తెరుచుకోవాల్సిన పాప ఆవగింజంతై 2 దగ్గర ఆగితే లోపలికి పోయే వెలుతురు తొమ్మిదో వంతే. దూరపు చూపు కూడా మసకబారుతుంది, కనుబొమల దగ్గర నొప్పి పుడుతుంది. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు బారిన పడ్డవాళ్లకు చుట్టూ చీకటి కమ్మినట్టు అనిపించింది ఇందుకే, అదీ ఈ జాతి విషమే. దీన్ని రేచీకటి అనుకుని విటమిన్-ఎ మాత్రలు మింగితే తగ్గదు.

కాబట్టి తుంపర నేరుగా దూరకుండా గాలి చుట్టుతిరిగి వచ్చే (ఇన్‌డైరెక్ట్ వెంట్) రకం కెమికల్ గాగుల్స్ తప్పనిసరి. ముందు మాస్కు, తర్వాత గాగుల్స్. ముక్కు దగ్గర గాగుల్స్ మాస్కును కిందికి నెడతాయి గనుక పీల్చే పరీక్ష మళ్లీ చేయాలి. గ్లౌజు చేత్తో చెమట తుడవొద్దు. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీళ్లతో కడగండి, వెంటనే డాక్టరుకు చూపించండి. పాప ముడుచుకున్న రాత్రి బండి ముట్టుకోకండి, మామూలు కావడానికి రోజులు పట్టొచ్చు. చొంగ, విపరీతమైన చెమట, ఆయాసం తోడైతే 108కి ఫోన్ చేసి మందు డబ్బా వెంట తీసుకెళ్లాలి.

రోజూ కొట్టే కూలీలకైతే ముఖమంతా కప్పే 6800 కొనివ్వడమే న్యాయం. ఖరీదు ఎక్కువే, కానీ ఇవే కాట్రిడ్జిలు దానికీ పడతాయి.