పట్టపగలు తిరిగే రక్తపిశాచులు: ‘బఫీ’ మొదటి సీజన్ హెచ్‌డీలో కొనేవాళ్లకు జాగ్రత్త

ఓపిక లేనివాళ్ల కోసం అసలు సంగతి ముందే చెప్పేస్తున్నాను. ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ మొదటి సీజన్ని ‘హెచ్‌డీ’ అని రాసుంది కదా అని డిజిటల్‌గా కొనకండి. ‘ఆల్ రీజియన్’ (ఏ దేశపు ప్లేయర్లోనైనా ఆడుతుంది) అని పెట్టి, సీలు కూడా విప్పలేదంటూ చవగ్గా అమ్మే డీవీడీ సెట్ల జోలికీ వెళ్లకండి. నేను పది రోజుల తేడాలో రెండూ కొని, రెండుసార్లూ బోల్తా పడ్డాను.

ఇరవై ఏళ్ల కిందట నేను ఎమ్మెస్ చదువుకోడానికి అమెరికా వచ్చినప్పుడు, మా రూమ్మేట్లు ఎక్కడినుంచో మోసుకొచ్చిన డబ్బా టీవీలో ఈ సీరియల్ చూసేవాళ్లం. హైస్కూల్లో చదువుతూ రక్తపిశాచుల్ని వేటాడే పదహారేళ్ల పిల్ల బఫీ, స్కూలు లైబ్రరీ కింద మూతబడ్డ నరకద్వారం, లెక్కల హోంవర్కుకీ రక్తపిశాచులకీ మధ్య నలిగిపోయే స్నేహితులు. నా ఇంగ్లీషు సగం ఆ పిల్లల వెటకారం నుంచే వచ్చింది. ఇప్పుడు మా అమ్మాయికి పద్నాలుగు. దానికి చూపిద్దామని సరదాపడ్డాను. మొదటి సీజన్ చిన్నది, 12 ఎపిసోడ్లే. 1997 మార్చి 10న మొదలై జూన్ 2కల్లా అయిపోయింది. నాలుగైదు వారాంతాల్లో తేలిగ్గా చూసెయ్యొచ్చనుకున్నాను.

ఒక ఆన్‌లైన్ స్టోర్లో సీజన్ మొత్తం రెండు ధరల్లో కనిపించింది. మామూలు క్వాలిటీ ఒక ధర, హెచ్‌డీ ఇంకో అయిదు డాలర్లు ఎక్కువ. పెద్ద టీవీ ఉంది కదా, అయిదు డాలర్లకి కక్కుర్తి ఎందుకని హెచ్‌డీయే నొక్కాను. ఆ అయిదు డాలర్లూ బొమ్మ పాడుచేసి ఇచ్చినందుకు కూలి అని తర్వాత తెలిసింది.

మొదటి ఎపిసోడ్ సగానికి రాకముందే ఏదో తేడాగా అనిపించింది. మనుషుల తలలు నుదుటి దగ్గర తెగిపోతున్నాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుతుంటే ముఖాలు అవసరానికి మించి దగ్గరగా వచ్చేశాయి. చర్మం మైనం పూసినట్టుంది. కళ్లజోడు మార్చాల్సిన వయసొచ్చిందేమో అనుకుని సరిపెట్టుకున్నాను. రెండో రోజు ఒక రాత్రి సీను వచ్చింది. ఆకాశం తెల్లగా వెలిగిపోతోంది. మా అమ్మాయి పాప్‌కార్న్ పక్కన పెట్టి, “అమ్మా, ఎండలోకొస్తే వీళ్లు కాలిపోతారన్నావు కదా? మరి వీడేంటి హాయిగా తిరుగుతున్నాడు?” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే అర్థమైంది, ఇది నా టీవీ తప్పూ కాదు, నా కళ్లజోడు తప్పూ కాదు. ఈ సీరియల్ మొదటి రెండు సీజన్లు 16 ఎంఎం ఫిల్ము మీద తీశారు. షూటింగ్ ఫిల్ము మీద జరిగినా ఎడిటింగు, రంగులు సరిచూడటం, గ్రాఫిక్స్ అన్నీ ఆనాటి మామూలు వీడియో క్వాలిటీలోనే పూర్తి చేశారు. అందుకని హెచ్‌డీ కావాలంటే ఆ పాత వీడియోని సాగదీస్తే చాలదు. అసలు ఫిల్ముని మళ్లీ స్కాన్ చేసి, ఆ పనులన్నీ మొదటినుంచీ చెయ్యాలి. చేశారు కూడా. 2014లో అమెరికాలో ఒక కేబుల్ ఛానల్లో ఈ కొత్త ప్రింటు వచ్చింది. కానీ చేసిన తీరు చూడండి.

వెలుతురులో తీసి, తర్వాత నీలమూ నలుపూ దట్టించి రాత్రిగా మార్చిన సీన్లు కొన్ని ఉంటాయి. కొత్త ప్రింటులో చాలాచోట్ల ఆ రంగు వెయ్యడం మర్చిపోయారు. అందుకే మా ఇంట్లో రక్తపిశాచి పగలు షికారు చేసింది. ఫిల్ముకి సహజంగా ఉండే ఇసక లాంటి గరుకుదనాన్ని లోపమనుకుని తుడిచేశారు, దాంతోపాటు ముఖాల్లో గీతలు కూడా పోయాయి. మైనం అందుకే.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ బొమ్మ ఆకారానికి. ఈ సీరియల్ 4:3 కొలతలో (వెడల్పు 4 అయితే ఎత్తు 3), అంటే పాత డబ్బా టీవీకి సరిపోయేట్టు తీశారు. కొత్త టీవీలు 16:9. తెర అటూ ఇటూ నల్లగా మిగలకూడదని పైనా కిందా కోసేశారు. 4:3 బొమ్మని అలా నింపాలంటే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. తలలు ఎక్కడికి పోయాయో తెలిసింది కదా. కొన్నిచోట్ల కొయ్యకుండా పక్కలు తెరిచారు. ఫిల్ము మీద పడ్డా ప్రేక్షకుడు చూడక్కర్లేని భాగమది. దాంతో సిరీస్‌లో అక్కడక్కడా ఫ్రేము అంచున లైట్ల స్టాండ్లు, సిబ్బంది నిలబడి కనిపిస్తారు. సృష్టికర్త జాస్ వీడన్ కూడా ఇది 4:3 కోసమే కూర్చిన సీరియల్ అని బాహాటంగానే చెప్పాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

డబ్బు వెనక్కివ్వమని స్టోర్‌కి రాశాను. రెండు ఎపిసోడ్లు చూసేశారు కాబట్టి కుదరదన్నారు. చూడకుండా తప్పుందని ఎలా తెలుస్తుందని అడిగితే, అదే జవాబు ఇంకోసారి అతికించి పంపారు. ‘వీడియో క్వాలిటీ సమస్య’ అన్న గడి నొక్కితే మా ఇంటర్నెట్ వేగం కొలుచుకోమన్నారు. వేగం బ్రహ్మాండంగా ఉంది లెండి, తెగిన తలలు చాలా వేగంగా వస్తున్నాయి.

ఇక్కడ ఇంకో మాట. డిజిటల్‌గా ‘కొన్నాం’ అనుకుంటాం గానీ మనకి దక్కేది చూసుకోడానికి అనుమతి మాత్రమే. శాశ్వతంగా దింపుకునే వీల్లేని సరుకుకి ‘బై’ (Buy, అంటే ‘కొనండి’) అన్న మాట వాడితే, అది లైసెన్స్ మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. చెబుతారు, సన్న అక్షరాల్లో. మనమే చదవం.

కోపంలో చేసే పనులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. వెంటనే డీవీడీలకి పరిగెత్తాను. ఒక మార్కెట్‌ప్లేస్‌లో సీలు తియ్యని సెట్టు, ‘రీజియన్ ఫ్రీ’, 11 డాలర్లు. అప్పుడే అనుమానం రావాల్సింది. అమెరికాలో అధికారికంగా అమ్మిన సెట్టు 2002 జనవరిలో వచ్చింది. అది రీజియన్ 1, అంటే అమెరికా, కెనడా ప్లేయర్ల కోసం చేసింది, మూడు డిస్కులు. స్టూడియోలు డీవీడీలని రీజియన్ల వారీగా విడగొట్టి అమ్ముకున్న రోజుల నాటి సరుకు ‘అన్ని దేశాల్లోనూ ఆడుతుంది’ అంటే, అది స్టూడియోలో పుట్టింది కాదని దాదాపు ఖాయం. నాకొచ్చిన పెట్టె మీద బఫీ మొహం కాస్త మసగ్గా ఉంది, అట్ట మీద అక్షరాలు జిరాక్స్ తీసినట్టున్నాయి. డిస్కు తిప్పి చూస్తే అడుగు భాగం ఊదా రంగు. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డిస్కు వెండి రంగులోనో, రెండు పొరలదైతే లేత బంగారు రంగులోనో ఉంటుంది. ఊదా రంగు ఉందంటే ఎవరో కంప్యూటర్లో పెట్టి రాసిన డిస్కన్నమాట. ప్లేయర్‌లో వేస్తే అయిదో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయింది.

ఇంకా నవ్వు తెప్పించేది ఏంటంటే, ఆ దొంగ డిస్కులో ఉన్నది ఆ హెచ్‌డీ ప్రింటే. అదే తెగిన తల, అదే పగటి పిశాచి. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఈసారి డబ్బు మాత్రం వెనక్కొచ్చింది, ఊదా డిస్కు ఫొటో పెట్టి నకిలీ సరుకని ఫిర్యాదు చేశాక. ‘బాలేదు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, ‘నకిలీ’ అని రాసి ఫొటో జతచేస్తే కదులుతారు. అదొక్కటి నేర్చుకున్నాను.

ఇక ఏం కొనాలి అంటారా? పాత రీజియన్ 1 డీవీడీ సెట్టు, వాడినదే. అమ్మేవాళ్లని డిస్కుల అడుగు భాగం ఫొటో అడగండి. అసలు సరుకున్నవాళ్లు అడగ్గానే పంపుతారు. నకిలీవాళ్లు ‘స్టాక్ ఫొటో చూడండి’ అంటారు. నాకు మూడోసారి 7 డాలర్లకి దొరికింది, అట్ట మూల నలిగి, ఎవరో అమ్మాయి పేరు లోపల పెన్నుతో రాసి ఉంది. మొదటి రెండు ఎపిసోడ్ల మీద వీడన్ వ్యాఖ్యానం కూడా ఉంది అందులో. బ్రిటన్ నుంచి వచ్చే సెట్లు రీజియన్ 2, మామూలు అమెరికన్ ప్లేయర్లో ఆడవు. పైగా అక్కడి టీవీ పద్ధతి వల్ల సాధారణంగా సెకనుకి 24 ఫ్రేములు 25 అయి, మొత్తం నాలుగు శాతం వేగంగా పరిగెడుతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. కొనేముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఒకసారి అడిగి చూడండి. ఇక్కడి లైబ్రరీలు డీవీడీలు ఊరికే ఇస్తాయి. నాకు ఈ బుద్ధి ముందే ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

డిజిటల్ తప్ప గతిలేదంటే మామూలు క్వాలిటీది తీసుకోండి, అదీ ఉచిత ప్రివ్యూ చూశాకే. బొమ్మ తెరంతా నిండిందా, ఆ కోసేసిన ప్రింటే. అటూ ఇటూ నల్ల పట్టీలుంటే మంచిది. కొన్నిచోట్ల మామూలు క్వాలిటీ పేరుతో కూడా ఆ కొత్త ప్రింటునే చిన్నది చేసి పెడుతున్నారు, కాబట్టి పేరు చూసి నమ్మకండి, పట్టీలు చూసి నమ్మండి.

డీవీడీ తెచ్చుకున్నాక టీవీ సెట్టింగుల్లో బొమ్మ కొలత 4:3కి మార్చడం మర్చిపోవద్దు. చాలా టీవీలు తమంతట తామే సాగదీసి, అందరినీ పొట్టిగా లావుగా చూపిస్తాయి. నేను మార్చేలోపు మా అమ్మాయి బఫీని చూసి, “ఈసారి తల ఉంది కానీ మెడ లేదమ్మా” అంది.